పాత కెమెరాకు తగిన మెఱుపుదీపము

ఇంటనున్న పాత వస్తువులను పాఱవేయక పనికి తెచ్చుకొను మార్గములను గూర్చి ఈ పుటలలో మనము ముచ్చటించుకొనుచున్నాము. ఈ మాసమున పాతకాలపు ఫిల్ము కెమెరాను, దానికి పొత్తుగల ఫ్లాష్ దీపమును గూర్చి వ్రాయదలచితిమి. తాతగారి సందుగులో మెత్తని గుడ్డలో చుట్టియుంచిన కెమెరా యొకటి బయటపడుటయు, పిల్లలు దానిపై మోజుపడి ఫిల్ము తెప్పించుటయు, పగటివేళ ముంగిట తీసిన బొమ్మలు చక్కగా వచ్చుటయు, ఇంటిలోపల తీసినవన్నియు చీకటిగుయ్యారములై వచ్చుటయు ఇప్పుడు పలుచోట్ల జరుగుచున్నది. అప్పుడు, దీనికొక ఫ్లాష్ కొనుడని యెవరో యొకరు సలహా యిత్తురు. ఏ ఫ్లాష్ కొనవలెనో మాత్రము చెప్పరు.

మేము మొదటనే యొక మాట చెప్పెదము. కెమెరా నెత్తిమీది గాడిలో ఇమిడినంత మాత్రమున ఫ్లాష్ ఆ కెమెరాకు తగినదని తలపరాదు. గాడిలో ఇముడుట పొత్తులో పావువంతు మాత్రమే. కాలము కుదరవలెను, విద్యుద్బలము కుదరవలెను, వెలుగు కొలత కుదరవలెను. ఈ నాలుగును చూచినగాని రూకలు చెల్లింపరాదు. చేతిఫోనులో తీసిన బొమ్మ బాగుండనిచో తుడిచివేసి మఱల తీయవచ్చును. ఫిల్ములో బొమ్మ పడినదియు పడనిదియు కడిగించిన పిమ్మటగాని తెలియదు. అంతలో పెండ్లి ముగియును. పురిటిబిడ్డ నడకలు నేర్చును. మంచముపట్టిన అవ్వ మఱి మనకు దక్కకపోవచ్చును. కావున ఇది వేడుకకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

*ఇంటిలోపలి వెలుగు*

మన యిండ్లలోని పాత ఆల్బములను ఒకమాఱు తిరుగవేసి చూడుడు. మగవారు వాకిట, పొలముగట్టున, కచేరి ముంగిట, రైలుస్టేషనులో నిలిచియుందురు. ఆడువారు పెండ్లినాటి బొమ్మలలో తప్ప అరుదుగా కానవత్తురు. కానవచ్చినను, వెలుగు కొఱకు ముంగిటికి పిలిపింపబడి, ఎండకు కన్నులు చిట్లించుకొని, కొంగు సవరించుకొనుచు నిలిచినవారే. వంటయింట, దేవునిగదిలో, పురిటిగదిలో గడచిన వారి దినములు బొమ్మకెక్కలేదు. ఇంటివారి అనాదరమొక్కటియే దీనికి కారణము కాదు, చీకటియు కారణమే.

మా ధారూరు ప్రాంతపు పాత యిండ్లనే తీసికొనుడు. నేలకు తాండూరు బండలు పఱచియుందురు. ఆ బండ వేసవిలో పాదములకు చల్లనిదే గాని, దాని బూడిదనీలపు చాయ వచ్చిన వెలుగులో చాలభాగమును మ్రింగివేయును. కిటికీలు చిన్నవి, పైని నల్లబడిన దూలములు. మిట్టమధ్యాహ్నమునను నడిమి గదిలో సూదికి దారమెక్కింప దీపము వలయును. అట్టిచోట 100 వేగముగల ఫిల్ముతో ఫ్లాష్ లేక బొమ్మ తీయవలెనన్న షట్టరు సగము సెకనో, ఒక సెకనో తెఱచియుండవలెను. అంతసేపు ఏ బిడ్డయు కదలక కూర్చుండదు. చేత పట్టుకొన్న కెమెరాయు కదలక యుండదు.

వెలుగున్న చోటికి స్త్రీలు పోవుటయే గాని, స్త్రీలున్న చోటికి వెలుగు వచ్చుట చాలకాలము లేదు. రాజా దీనదయాళుగారు (1844–1905) ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖానుగారి ఆదరమును పొందిన ప్రసిద్ధ ఛాయాగ్రాహకులు. వారు 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా జెనానా చిత్రశాలను నెలకొల్పి, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించిరి. పరపురుషుని యెదుటికి రాని స్త్రీలు అచ్చట నిశ్చింతగా చిత్రములు తీయించుకొనగలిగిరి. అది గొప్ప ఉపకారమే; కాని సంపన్నులకు మాత్రమే అందుబాటులోనిది. ఊరిలోని యింటి యిల్లాలికి ఆ వెలుగు చేరలేదు.

ఆ వెలుగును ఇంటిలోనికి తెచ్చినది మెఱుపుదీపము. 1887లో జర్మనీయందు మీథె, గేడికె అను నిరువురు మగ్నీషియము పొడిలో క్లోరేటును, అంజనపు గంధకమును కలిపి ఒక చూర్ణమును చేసిరి. అంటించినంతనే భగ్గుమని మండి గదియంతయు పొగ నింపెడిది; పలువురు ఛాయాగ్రాహకులు దానివలన కాలినగాయములపాలైరి. 1929లో జర్మనీయందే గాజుబుడ్డిలో అల్యూమినియపు రేకును, ప్రాణవాయువును నింపిన ఫ్లాష్ బల్బు వచ్చినది. పొగ తొలగినది గాని ఒక్కొక బొమ్మకు ఒక్కొక బల్బు వ్యయమగుచుండెను. 1931 ప్రాంతమున అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు వాయువు నింపిన గొట్టములో విద్యుత్తును ఒక్కుమ్మడిగా పంపి మెఱుపు పుట్టించు పద్ధతిని ఛాయాగ్రహణమున నెలకొల్పెను. నేడు మనము కొను ఫ్లాష్ దీపములన్నియు ఈ తెగకు చెందినవే. మన దేశమున తొలి మహిళా పత్రికాఛాయాగ్రాహకురాలని కీర్తిగొన్న హొమాయ్ వ్యారావాలా గారు (1913–2012) ఢిల్లీ వీథులలో చీర కట్టుకొని, సైకిలుపై బరువైన సామగ్రిని మోసికొనిపోయి, ఫ్లాష్ బల్బుల వెలుగున దేశచరిత్రను చిత్రించిరి. 2011లో వారికి పద్మవిభూషణ బిరుదము లభించినది. యంత్రము స్త్రీకి లొంగదనువారికి ఇంతకంటె ప్రత్యుత్తరము వలదు.

ఇక నాలుగు పొత్తులను వరుసగా చూతము.

*కలయు చోటు*

కెమెరా నెత్తిమీద ఇనుప గాడి యుండును. దాని నడుమ చిన్న లోహపు చుక్క యున్నదా లేదా చూడుడు. ఉన్నచో దానిని హాట్ షూ అందురు. ఫ్లాష్‌ను దూర్చినంతనే సందేశము ఆ చుక్క ద్వారా పోవును. చుక్క లేనిచో అది కోల్డ్ షూ. ఫ్లాష్‌ను మోయుటయే దాని పని, వెలిగించుట దాని పని కాదు. అట్టి కెమెరాకు ప్రక్కనో, ముందుభాగముననో, లెన్సు చెంతనో చిన్న గుండ్రని సాకెట్టు యుండును. దానిని పి.సి. సాకెట్టందురు. ప్రాంటార్, కాంపూర్ అను రెండు ప్రసిద్ధ జర్మను షట్టరుల పేళ్ల మొదటి అక్షరములే అవి; నేటి కంప్యూటరుతో దానికేమియు సంబంధము లేదు. ఫ్లాష్ నుండి సన్నని తీగను తెచ్చి ఇందులో గ్రుచ్చవలెను.

పేరు చూచి మోసపోరాదు. యాషికా ఎలక్ట్రో 35 అను కెమెరా 1966లో వచ్చినప్పుడు దానికి కోల్డ్ షూ మాత్రమే యుండెను. 1973లో వచ్చిన జి.ఎస్.ఎన్. అను రూపమునకు హాట్ షూ కలదు. రెండింటి ముఖము ఒక్కటే, పొత్తు వేఱు. రష్యాదేశపు జెనిత్-ఇ కెమెరాకు కోల్డ్ షూయు సాకెట్టును కలవు. 1976 మొదలు 1997 వఱకు తయారైన పెంటాక్స్ కె1000కు హాట్ షూ కలదు. మన దేశమున ఒకప్పుడు విరివిగా వాడబడిన అగ్ఫా క్లిక్ వంటి పెట్టె కెమెరాలను కొనుటకు ముందు ఆ ప్రతిలో ఫ్లాష్ తగిలించు చోటున్నదా, తుప్పుపట్టక యున్నదా అని కన్నులార చూచుకొనవలెను.

ఇంటనున్న ఫ్లాష్‌కు తీగ పెట్టు రంధ్రము లేనిచో నిరాశ వలదు. పైని హాట్ షూయు, ప్రక్కన తీగకు సాకెట్టును గల చిన్న అడాప్టరు దొఱకును. దానిని కోల్డ్ షూలో నిలిపి, పైని ఫ్లాష్‌ను, ప్రక్కన తీగను తగిలించినచో పని నెఱవేఱును. మినోల్టా సంస్థ 1988 నుండి తన గాడి రూపమునే మార్చివేసినది. సోనీ కెమెరాలును 2012 వఱకు ఆ రూపమునే అనుసరించినవి. ఆ తెగ ఫ్లాష్‌లు ఇతర పాత కెమెరాల గాడిలో ఇముడవు. ఒక సంస్థవారి ఫ్లాష్ క్రింద నడిమి చుక్కగాక మఱి రెండు మూడు చుక్కలున్నచో అవి ఆ సంస్థవారి కెమెరాలతో మాటలాడుటకే. పరాయి కెమెరాలో అవి వ్యర్థములు, ఒక్కొకప్పుడు అనర్థములు.

*కాలము*

నాలుగింటిలో మిక్కిలి ముఖ్యమైనది, మిక్కిలి తఱచుగా మఱవబడునది ఇదియే. ఫ్లాష్ మెఱుపు సెకనులో వేయవ వంతులోనే ముగిసిపోవును. ఆ మెఱుపు మెఱసినపుడు షట్టరు పూర్తిగా తెఱచియుండవలెను. పద్యమునకు యతిస్థానమెట్టిదో, ఫ్లాష్‌కు ఆ క్షణమట్టిది. అక్షరమెంత మంచిదైనను చోటు తప్పినచో పద్యము చెడును.

షట్టరులు రెండు తెఱగులు. లెన్సులోపల పూరేకులవలె విచ్చుకొని ముడుచుకొనునది మొదటిది. యాషికా, రోలై మొదలగు జంటలెన్సు కెమెరాలకు ఇట్టిదే యుండును. ఇది యే వేగముననైనను ఒక క్షణము పూర్తిగా విచ్చుకొనును. కావున సెకనులో 500వ వంతు వేగమునను ఫ్లాష్‌తో కుదురును. ఫిల్ము ముందర రెండు తెరలు పరుగెత్తునది రెండవది. లెన్సు మార్చుకొనదగిన కెమెరాలలో చాలవఱకు ఇట్టిదే యుండును. తక్కువ వేగమున మొదటి తెర పూర్తిగా తొలగిన పిమ్మట రెండవది బయలుదేఱును. నడుమ ఫిల్మంతయు తెఱచియుండును. వేగము హెచ్చినకొలది మొదటిది గమ్యము చేరకమునుపే రెండవది వెంబడించును. నడుమ సన్నని చీలిక మాత్రమే సాగుచుండును. అప్పుడు ఫ్లాష్ మెఱసినచో బొమ్మలో ఒక ప్రక్క వెలుగు, తక్కినది చీకటి. ఈ హద్దు కెమెరాకొక విధముగ నుండును: జెనిత్-ఇకి సెకనులో 30వ వంతు, పెంటాక్స్ కె1000కు 60వ వంతు. వేగపు చక్రముపై ఆ అంకెను ఎఱ్ఱని రంగుతోనో, మెఱుపు గుఱుతుతోనో, ఎక్స్ అను అక్షరముతోనో చూపుదురు. ఆ హద్దు దాటరాదు; అంతకు తక్కువ వేగమైనచో బాధ లేదు.

పాత కెమెరాలలో మఱియొక చిక్కు కలదు. షట్టరు ప్రక్కన చిన్న మీటయు, ఎక్స్, ఎమ్ అను రెండు గుఱుతులును ఉండును. ఎమ్ అనునది బల్బుల కాలపు ఏర్పాటు. బల్బులోని రేకు అంటుకొని పూర్తిగా ప్రజ్వరిల్లుటకు సెకనులో సుమారు 50వ వంతు పట్టును; అంతవఱకు వేచియుండి షట్టరు తెఱచుకొనునట్లు చేసిరి. నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు ఆ వేచియుండుట పనికిరాదు. మీట ఎమ్ వద్ద నున్నచో షట్టరు తెఱచుకొనకమునుపే మెఱుపు ముగియును. పెండ్లివారు గడప చేరులోపల దివిటీ ఆఱిపోయినట్లగును. గదిలోని వారందఱును మెఱుపును చూతురు, బొమ్మ వచ్చినదనియే తలతురు. ఫిల్ము మాత్రము వట్టిదిగా నుండును. మీట ఎప్పుడును ఎక్స్ వద్ద నుండవలెను. దానిని కదలనీయక పైని చిన్న జిగురుకాగితపు ముక్క నంటించుట మంచిది. మీటకు వి అను మూడవ గుఱుతున్నచో అది తనంతట తానే బొమ్మ తీసికొనుటకైన జాగుపాటు. కొన్ని పాత షట్టరులలో ఆ యేర్పాటు ముదుసలి యెద్దువలె నడుమ నిలిచిపోవును. దానిని ముట్టకుండుటయే మేలు.

*విద్యుద్బలము*

ఫ్లాష్‌లోపల కెపాసిటరను భాగమొకటి కలదు. చిన్న సెల్లులనుండి వచ్చు విద్యుత్తును సుమారు 300 వోల్టులకు పెంచి దానిలో నిలువచేయుదురు. మీట నొక్కినప్పుడు కెమెరాలోని స్పర్శబిందువులు కలిసి ఆ నిలువను విడుదల చేయించును. ఆ స్పర్శబిందువులపై పడు బలమును ట్రిగ్గరు వోల్టేజి అందురు. నేటి ఫ్లాష్‌లలో ఇది కొలది వోల్టులే. పాతవానిలో 200 వోల్టులకు మించియుండుటయు కలదు. జపానులో తయారైన తొలికాలపు వివిటార్ 283లు కొన్ని అట్టివే.

కెమెరా కేవలము పండ్లచక్రములతో నడుచునదైనచో లోపల రెండు లోహపు రేకులు కలిసికొనుటయే జరుగును. అది హెచ్చు బలమునకును సాధారణముగా ఓర్చుకొనును. అయినను దినదినము నిప్పురవ్వలు రేగి ఆ రేకులు మాడవచ్చును. విప్పియున్న తీగకొసను తాకినవారి వ్రేలు చుఱుక్కుమనవచ్చును. ఎలక్ట్రానిక్ భాగములతో పనిచేయు కెమెరాకైనచో ఇది ప్రాణాంతకము. అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 10330 కెమెరా 24 వోల్టుల వఱకు ఓర్వవలెనని చెప్పుచున్నది. ఆ ప్రమాణమునకు ముందటి ఎలక్ట్రానిక్ కెమెరాలను అంతవఱకైనను నమ్మరాదు. వానికి 6 వోల్టులకు లోబడిన ఫ్లాష్‌ను ఎన్నుకొనుట క్షేమము. ముఖ్యముగా, తాతగారి ఫ్లాష్‌ను మనుమడి డిజిటల్ కెమెరాపై నిలిపి పరీక్షింపరాదు.

దీనిని కొలుచుట కష్టము కాదు. ఫ్లాష్‌ను కెమెరాపై నుంచక విడిగా సెల్లులు వేసి, సిద్ధమైనట్లు దీపము వెలిగిన పిమ్మట, మల్టీమీటరును డి.సి. యందు 500 వోల్టుల హద్దుపై నిలిపి, ఒక కొసను అడుగుననున్న నడిమి చుక్కకును, మఱియొక కొసను గాడి అంచునందలి లోహమునకును తాకింపవలెను. వచ్చిన అంకెయే మనకు కావలసినది. ఊరిలోని కరెంటు పనివానియొద్దను, ఫోనులు బాగుచేయు దుకాణమునను, ఉన్నతపాఠశాలలోని భౌతికశాస్త్ర ప్రయోగశాలలోను ఈ మీటరు ఉండును. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మాకు మూడవ మార్గము సులభమైనది. మీరు మొదటి రెంటిలో దేనినైనను ఆశ్రయింపవచ్చును. ఏ కారణముచేతను ఫ్లాష్‌ను విప్పవలదు, పిల్లలను విప్పనీయవలదు. సెల్లులు తీసివేసిన పిమ్మటను కెపాసిటరులో మనుష్యుని పడద్రోయగల విద్యుత్తు నిలిచియుండును.

*వెలుగు కొలత*

ప్రతి ఫ్లాష్‌కును గైడు నంబరను నొక అంకె కలదు. దానిని దూరముచే భాగించినచో లెన్సు రంధ్రమును ఎంత తెఱవవలెనో వచ్చును. 100 వేగముగల ఫిల్మునకు గైడు నంబరు 24 మీటరులనుకొందము. అవ్వ 3 మీటరుల దూరమున కూర్చున్నచో 24ను 3చే భాగింప 8 వచ్చును. లెన్సును ఎఫ్ 8 వద్ద నిలుపవలెను. 6 మీటరులైనచో ఎఫ్ 4. 2 మీటరులైనచో 12. అనగా చక్రముపైని ఎఫ్ 11 సరిపోవును. ఫిల్ము 400 వేగముగలదైనచో గైడు నంబరు రెండింతలై 48 అగును. రంధ్రమును మార్చు వీలులేని పెట్టె కెమెరాకు లెక్కను తిప్పవలెను: గైడు నంబరును ఆ రంధ్రపు అంకెచే భాగించి, వచ్చిన దూరమునకు మనమే జరిగి నిలువవలెను.

పాత ఫ్లాష్‌ల వెనుకనున్న పట్టికలు ఒక్కొకప్పుడు అడుగులలో నుండును. 24 మీటరులనగా సుమారు 79 అడుగులు. అడుగుల అంకెను మీటరులని భ్రమించినవారి బొమ్మ చీకటిపాలగును. మఱియు దూరము రెండింతలైనచో వెలుగు సగము గాదు, నాలుగవ వంతగును. ప్రతి సంవత్సరము నవంబరు మాసమున మా ధారూరులో జరుగు మెథడిస్టు జాతరకు వేలకొలది జనము వత్తురు. రాత్రివేళ ఆ మైదానమునంతను ఒక్క చేతి ఫ్లాష్‌తో వెలిగింపనెంచుట ఉప్పుచిటికెతో చెఱువును ఉప్పన చేయబూనుటయే. ముందు వరుసలోని నలుగురు తెల్లగా వత్తురు; వెనుక నల్లని తెర.

లెక్క వేయు ఓపిక లేనివారికి స్వయముగా కొలుచు ఫ్లాష్‌లు కలవు. వాని ముఖమున చిన్న కన్ను వంటి రంధ్రముండును. ఎదుటివారిపై పడి తిరిగివచ్చిన వెలుగును అది చూచి, చాలినంత కాగానే మెఱుపును తానే ఆపివేయును. మనము ఫిల్ము వేగమును చెప్పి, అది చూపిన రంధ్రపు అంకెను లెన్సుపై నిలిపినచో చాలును. కెమెరాతో దానికి వేఱు సంభాషణ లేదు. కావున ఏ పాత కెమెరాకైనను కుదురును. మా సలహా యడిగినచో, ఈ కన్నును, బలమును సగమునకు, పావునకు తగ్గించు మీటయు, పైకి తిరుగు తలయు గలిగి, ట్రిగ్గరు వోల్టేజి తక్కువగా నున్న ఫ్లాష్‌నే పాత కెమెరాకు ఎన్నుకొనుడు. కెమెరా చెప్పినట్లు మాత్రమే వినునట్టి టి.టి.ఎల్. ఫ్లాష్‌లు ఎంత వెలగలవైనను పాత కెమెరాపై మూగవైపోవును.

*కొనునప్పటి పరీక్ష*

హైదరాబాదులో కోఠీ ప్రాంతపు గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ వస్తువుల బజారులకు పోవువారు కెమెరాను చేతబట్టుకొనియే పోవలెను. దుకాణదారు ఫ్లాష్‌ను ఒకమాఱు మెఱిపించి, పనిచేయుచున్నదమ్మా, అనును. మెఱసినదనుట నిజమే, మన కెమెరాతో కలిసి మెఱసినదా యనునదే ప్రశ్న. పరీక్షకు ఫిల్ము వలదు. కెమెరా వెనుకతలుపు తెఱచి, లెన్సు రంధ్రమును పూర్తిగా తెఱచి, హద్దు వేగమును పెట్టి, తెల్లని గోడవైపు త్రిప్పి, వెనుకనుండి లెన్సుగుండ చూచుచు మీట నొక్కవలెను. మెఱుపు మెఱసిన క్షణమున పూర్ణచంద్రునివలె నిండు తెలుపు కనబడినచో కాలము కుదిరినది. తెరల షట్టరైనచో వెనుకనున్న చతురమంతయు వెలిగినట్లు కనబడవలెను. అర్ధచంద్రుడో, చీలికయో, చీకటియో కనబడినచో వేగము తగ్గించి, మీటను సరిచూచి, మఱల పరీక్షింపుడు. పదిమార్లు నొక్కినచో పదిమార్లును మెఱయవలెను. ఎనిమిది మార్లే మెఱసినచో తీగ వదులైనదనుకొనుడు. తీగ మార్చినచో సరిపోవును.

సెల్లులగది మూత తీసి చూడుడు. ఆల్కలైన్ సెల్లులు కాఱి తెల్లని పొడి పేరుకొన్నచో, అది క్షారము గనుక, దూదిపుల్లను నిమ్మరసములో ముంచి తుడిచి, తడిగుడ్డతో మఱల తుడిచి, ఆరనిచ్చినచో చాలవఱకు పోవును. ఏండ్ల తరబడి ఊరకున్న ఫ్లాష్ తొలుత నెమ్మదిగా నిండును. దానిని నిండించి, కొంతసేపుంచి, మెఱిపించి, ఇట్లు అయిదాఱు మార్లు చేసినచో కెపాసిటరు మఱల తేఱుకొనును. నిమిషమైనను సిద్ధపు దీపము వెలుగనిచో, కాలిన వాసన వచ్చినచో, దానిని తిరిగి యిచ్చివేయుడు. పాత బల్బులు దొఱకిన సోదరీమణులు వానిలోని నీలపు చుక్కను చూడవలెను. అది గులాబిరంగునకు మాఱినచో లోనికి గాలి చొఱబడినది, వాడినచో ప్రేలవచ్చును.

*వాడునప్పుడు*

ఫ్లాష్‌ను ముఖముపై సూటిగా కొట్టుటకంటె, తల పైకి త్రిప్పి సున్నపు కప్పుపై పడనిచ్చినచో వెలుగు మెత్తనై దిగును. అప్పుడు లెన్సును రెండు మెట్లు హెచ్చుగా తెఱవవలసియుండును. నల్లబడిన దూలములున్న యింట ఇది సాగదు. రంగుగోడపై కొట్టినచో రంగుఫిల్ములో ఆ చాయ ముఖములకు అంటుకొనును. అట్టి యిండ్ల పొడుగుతీగతో ఫ్లాష్‌ను చేయిచాచినంత దూరమున పట్టుకొనుట మేలు. కన్నులు ఎఱ్ఱబడుట కూడ దానివలన తగ్గును. ఇత్తడి కుందులు, వెండిపళ్లెరములు, నునుపైన బండ, కండ్లజోడు వెలుగును తిరుగగొట్టును గనుక కొంచెము ప్రక్కకు జరిగి తీయవలెను.

హారతివేళ మఱియొక నేర్పు వలయును. ఫ్లాష్ మెఱుపు క్షణికము గనుక షట్టరు వేగమును తగ్గించినను దాని కొలత మాఱదు. దీపపు కాంతి మాత్రము హెచ్చుగా పడును. కావున వేగమును 15వ వంతునకు దింపి తీసినచో ముఖము ఫ్లాష్ వెలుగునను, హారతి తన వెలుగునను నిలుచును. హెచ్చు వేగమున తీసినచో దీపము ఆఱినట్లే కనబడును.

సోదరీమణులారా! పప్పులో ఉప్పును కంటిచూపుతో కొలుచు మనకు ఈ నాలుగు కొలతలు భారము కావు. కెమెరాను మగపిల్లలకు వదలిపెట్టి మనము కొంగు సవరించుకొనుచు ఎదుట నిలుచుటయే మన పనియని తలపకుడు. మీరే దానిని చేతబట్టుడు. వంటయింట అమ్మను, మగ్గము చెంత అత్తను, పురిటిమంచముపై చెల్లెలిని, వారు వద్దనకున్నచో, వారున్నచోటనే తీయుడు. బొమ్మ వచ్చిన పిమ్మట దాని వెనుక మెత్తని పెన్సిలుతో తేదీని, ఊరిని, వారి పేరును వ్రాయుడు. పాత బొమ్మల వెనుక ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి యని యుండుటయే మేము హెచ్చుగా చూచితిమి. ఇకనైనను పేరే వ్రాయుదము.